సోమవారం లేని లైన్‌మన్

వీరేష్ జీవితంలో మొదటి గెలుపు ఒక కరెంటు స్తంభం.

లైన్‌మన్ ఉద్యోగానికి పరీక్ష కాగితం మీద రాస్తే సరిపోదు, స్తంభం ఎక్కి చూపించాలి. కాళ్లూ చేతులే ఆధారంగా పైదాకా పాకి, కొసన చెయ్యి ఆనించి దిగిరావాలి. మొదటిసారి మావాడు సగందాకా పోయి జారాడు. తొడలు గీరుకుపోయి, చొక్కా చిరిగి, ఎమ్మిగనూరు బస్సు దిగి ఎవరి మొహమూ చూడకుండా ఇంట్లోకి పోయాడు. మా చేను గట్టున తీగలు తీసేసిన పాత స్తంభం ఒకటి ఉండేది. ఆ మరుసటి రోజు నుంచి ఎద్దులకు నీళ్లు పెట్టి రావడం, దాన్ని ఎక్కడం. వాడి తల్లి ఉచ్చీరమ్మ కింద నిలబడి తిట్టేది.

"కోతి జన్మ ఎత్తినావేమిరా, దిగు! నడుము ఇరుగుతాది!"

"కోతికి జీతం రాదమ్మా, నాకొస్తాది" అనేవాడు పైనుంచి.

మళ్లీ పరీక్ష పెట్టినప్పుడు ఆ గుంపులో అందరికంటే ముందు ఎక్కి దిగింది వాడే. కొసన చెయ్యి ఆనించమంటే స్తంభాన్ని ముద్దు పెట్టుకుని దిగాడట. పరీక్ష పెట్టిన సార్లు కూడా నవ్వారట.

నేను వాడి పెద్దనాయనను, సిద్దప్పను. మా ఊరి బళ్లో ఏడో తరగతి దాకా చదివాను. మా తమ్ముడు చిన్న వయసులోనే పోతే వీరేష్ నా ఎద్దుల వెనకాలే పెరిగాడు. కాబట్టి వాడు సాధించినవి చెప్పే హక్కు నాకుంది. వాడికి జరిగిన అన్యాయం చెప్పే హక్కు కూడా నాదే. దాన్ని ఇంకా గట్టిగా చెబుతాను.

వాడు రాకముందు మా ఊళ్లో ప్రతి వానాకాలం ఒక బర్రో, ఎద్దో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పడి చచ్చేది. తడి నేల, చుట్టూ కంచె లేదు, జీవాలకేం తెలుసు? వీరేష్ వచ్చిన తర్వాత మొదట ముళ్లకంప వేయించాడు. తర్వాత ఆఫీసు చుట్టూ తిరిగి ఇనుప జాలీ తెప్పించాడు. ఆ తర్వాత మా ఊళ్లో కరెంటుకు ఒక్క జీవం పోలేదు. వేసవిలో గాలివాన వచ్చి ఆదోని దారి పొడుగునా స్తంభాలు పడిపోతే, చుట్టుపక్కల ఊళ్లు నీళ్ల ట్యాంకర్ల కోసం బిందెలు పట్టుకుని నిలబడ్డాయి. మా ఊళ్లో వీరేష్ రాత్రికి రాత్రే లైను నిలబెట్టాడు, కుళాయిల్లో నీళ్లొచ్చాయి. హాలహర్వి వైపు పెద్ద పనులు పడితే ఆఫీసువాళ్లు ఏరి ఏరి వీరేష్‌నే పంపేవాళ్లు. ఆగస్టు పదిహేనుకు బడిలో జెండా కింద నిలబెట్టి శాలువా కప్పారు. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. ఎందుకు కొట్టను?

ఆ రోజే మా ఊరివాళ్లు వాడికొక బిరుదు తగిలించారు. 'లేదనని వీరేష్.' ఎప్పుడు పిలిచినా లేదనడు, రాననడు. అందరూ మురిసిపోయారు. ఆ మాటే వాడి మెడ మీద కాడి అయింది.

పక్క రెండూళ్లు చూసే లైన్‌మన్ బదిలీ మీద పోయాడు. అతని స్థానంలో ఎవరినీ వేయలేదు. "కొన్నాళ్లు నువ్వే చూడప్పా" అన్నారు. ఆ కొన్నాళ్లకు అంతు లేదు. ముందున్న మూడూళ్లకు ఇవి రెండు కలిసి ఐదూళ్ల కరెంటు ఒకడి నెత్తిన పడింది. మిరపనారు నాటే కాలం, ఉల్లికి నీళ్లు కట్టే కాలం. బోరు ఆగితే రైతుకు ప్రాణం మీదికొస్తుంది, నేనూ రైతునే, నాకు తెలుసు. కానీ ఫోను చేసిన ప్రతివాడూ ఒకే మాట అనేవాడు.

"ఒక్క నిమిషం పని వీరేషూ."

ఫ్యూజు ఎగిరితే ఒక్క నిమిషం. తీగ తెగితే ఒక్క నిమిషం. ఇంట్లో ఫ్యాను తిరగకపోతే కూడా లైన్‌మన్‌కే ఫోను, అదీ ఒక్క నిమిషమే. అన్నం ముందు కూర్చుంటే మోగేది. స్నానానికి పోతే మోగేది. బండి మీద పోతుంటే చొక్కా జేబులో మోగుతూనే ఉండేది. ఆఫీసు గ్రూపులో ఒకవైపు ఫొటో పంపు, లెక్క పంపు అని ఒత్తిడి. వారానికొక సెలవు రోజు ఉందన్న మాటే వాడికి ఎవరూ చెప్పలేదు, వాడూ అడగలేదు.

మనిషి మారడం మొదట చూసింది వాడి భార్య జ్యోతి. ఆమె నాతో చెప్పినప్పుడు నాకు ఒళ్లు మండింది, ఆమె మీద కాదు, ఇన్నాళ్లు ఈ సంగతి మామూలేనని అందరూ అనుకున్నందుకు.

"మామా, ఫోను మోగకున్నా మోగిందని లేస్తాండాడు. నిద్ర లేదు. కూట్లో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తెలీదు. వాకిట్లోకి వచ్చి నిలబడతాడు, ఎందుకొచ్చినాడో మర్చిపోతాడు. నిన్న పాప ఆడుకుంటా చెక్కముక్క చెవికాడ పెట్టుకుని 'వస్తాండా, ఒక్క నిమిషం' అనింది. అంతే, దాని చేతిలోంచి చెక్కముక్క గుంజుకుని గోడకేసి కొట్టినాడు. పాప బెదిరిపోయింది. తర్వాత ఆయప్పే మూల కూర్చుని చేతులు చూసుకుంటాండాడు."

వాళ్ల కూతురు పల్లవికి నాన్న అంటే ప్రాణం. ఆ పిల్ల మీద వీరేష్ గొంతు లేవడం అంతకుముందు మా ఇంటి చుట్టుపక్కల ఎవరూ వినలేదు.

నేను అడిగితే వీరేష్ నవ్వాడు. "ఏం లేదు పెద్దనాయనా. సీజను గదా. ఉల్లి అయిపోతే తగ్గుతాది." ఉల్లి అయిపోతే మిరప వస్తుంది. మిరప అయిపోతే శనగ వస్తుంది. ఆ సంగతి వాడికీ తెలుసు.

జూలై ఆఖరులో జయన్న చేనులో జరిగింది అసలు సంగతి. జయన్న మా ఊరి రైతే, మంచివాడే. అతని చేను పక్క స్తంభం మీద తీగల జాయింటు దగ్గర నిప్పులు రాలుతున్నాయని వీరేష్‌కు ఫోను చేశాడు. ఒక్క నిమిషం పనే అన్నాడు. ఫోను చేసి తాను అన్నానికి ఇంటికి పోయాడు. చేనులో మిగిలింది పీరా సాబ్. ఎమ్మిగనూరులో మోటార్లకు వైండింగ్ కట్టే మేస్త్రీ, నాకు చిన్ననాటి నుంచి దోస్తు. బాగుచేసిన మోటారును జయన్న బోరులోకి దించడానికి వచ్చి, మనుషుల కోసం కూర్చుని ఉన్నాడు.

స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషనుకు ఫోను చేసి, ఆ లైనులో కరెంటు ఆపించుకోవాలి. దాన్ని వాళ్లు ఎల్సీ అంటారు. ఎల్సీ లేకుండా ఎక్కడం అంటే చావు దగ్గరికి నడిచిపోవడమే. వీరేష్ ఎల్సీ అడిగాడు. ఇచ్చారు. కానీ వాడు అడిగింది ఊరి లైనుకు. ఎక్కింది బోర్ల లైను స్తంభం. వాడు కళ్లు మూసుకుని కూడా చెప్పగల సంగతి అది. చేను మధ్యలో నిలబడి, చేతిలో ఫోను పట్టుకుని, నోటితో తప్పు లైను పేరు చెప్పాడు.

పీరా సాబ్ పక్క చేను వైపు చూస్తూ కూర్చున్నాడట. అక్కడ ఉల్లికి నీళ్లు పారుతున్నాయి. పైపులోంచి నీళ్లు ధారగా దూకుతున్నాయి. చూసి చూసి, అప్పుడు తట్టింది ఆయనకు. కరెంటు ఆపిస్తే ఆ మోటారు ఎట్లా తిరుగుతుంది? తలెత్తి చూస్తే వీరేష్ పైన తీగకు చెయ్యి చాస్తున్నాడు.

"వీరేషూ! నీళ్లొస్తాండాయిరా! నీళ్లు! లైనుంది! చెయ్యి తియ్యి బేటా!"

ఆయన కేక మూడు చేల అవతలికి వినపడిందని తర్వాత చెప్పుకున్నారు. వీరేష్ చెయ్యి ఆగింది. తీగకూ ఆ చేతికీ మధ్య జానెడు లేదన్నాడు పీరా సాబ్. వాడు మెల్లగా దిగాడు. స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాడు. ఏడవలేదు. నీళ్ల పైపు వైపే చూస్తూ, "ఈ పొద్దు ఏ వారం మామా?" అని అడిగాడట. పీరా సాబ్ చెప్పాడు. కాసేపటికి మళ్లీ అదే అడిగాడు. జేబులో ఫోను మోగుతూనే ఉంది.

పీరా సాబ్ ఆ ఫోను తీసి, తన సంచిలో రాగితీగ చుట్టల కింద వేసి, వాడిని బండి మీద కూర్చోబెట్టుకుని మా ఇంటికి తెచ్చాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"సిద్దప్పా, నా కాడికి వచ్చే మోటార్లన్నీ కాలిపోయినవే. ఒక్కటి కూడా ఉన్నట్టుండి కాలదు. ముందు వేడెక్కుతాది, వాసనొస్తాది. ఇంకొక్క మడి తడవనీలే అని రైతు తోల్తానే ఉంటాడు. ఈ పిల్లోని కాడ ఆ వాసన ఎన్నాళ్ల నుంచో వస్తాంది. మనకే ముక్కుల్లేవు."

మరుసటి రోజు జ్యోతీ, నేనూ వాడిని ఆదోని తీసుకుపోయాం. మనసుకు వైద్యం చేసే డాక్టరు సైమా దగ్గరికి. ఆదోని పిల్లే, మన మాటే మాట్లాడుతుంది. ఆమె వాడి గుండెకు గొట్టం పెట్టి చూసి, రక్తం పరీక్షకు పంపి, ఆ తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని అడిగింది.

"ఫోను పక్కన లేకుండా అన్నం తినింది ఎప్పుడప్పా?"

వీరేష్ ఆలోచించాడు. జవాబు దొరకలేదు.

"పోనీ, దేనికైనా గట్టిగా నవ్వింది?"

దానికీ దొరకలేదు. అప్పుడు ఏడ్చాడు. స్తంభం మీద నుంచి పడ్డప్పుడు ఏడవనివాడు, తండ్రి పోయినప్పుడు నా చెయ్యి పట్టుకుని నిలబడినవాడు, ఆ గదిలో భార్య ముందు, నా ముందు వెక్కివెక్కి ఏడ్చాడు. డాక్టరమ్మ ఆపలేదు. నీళ్ల గ్లాసు ఇచ్చి, ఏడవనిచ్చింది. తర్వాత మాతో చెప్పింది: ఇది పిచ్చి కాదు, పిరికితనం కాదు, పనిలో నలిగి నలిగి మనసూ ఒళ్లూ రెండూ చేతులెత్తేశాయి. నిద్రకు, దిగులుకు మందులిస్తాను, నేను చెప్పేదాకా మానొద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని వాడినే సూటిగా అడిగింది. "లేదమ్మా, పండుకోవాలనిపిస్తాంది" అన్నాడు. ఆరు వారాలు పని మొహం చూడకూడదంది. "మందు సగం పనే చేస్తుంది. తిరిగి పోయినాక కూడా ఐదూళ్లూ ఒక్కడే, సెలవు లేదు అంటే మళ్లీ నా కాడికే వస్తాడు. రాగలిగితే" అని సర్టిఫికెట్టు రాసింది. ఆ చివరి మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

సర్టిఫికెట్టు పట్టుకుని సెక్షను ఆఫీసుకు పోయాను. అక్కడి సారు చదివి, చుట్టూ చూసి, మడిచి నా చేతిలోనే పెట్టాడు.

"ఇది వద్దు పెద్దాయనా. మెంటల్ అని రికార్డులో పడితే పిల్లోనికే నష్టం. కామెర్లని రాయించుకురా. రెండు వారాలు నేనే ఇస్తా."

"వానికి కామెర్లు లేవు గదా సారూ."

"లేవని నీకు తెలుసు, నాకు తెలుసు. కాగితానికి తెలుసా?"

చెయ్యి విరిగితే సెలవు. కళ్లు పచ్చబడితే సెలవు. తీగ మీద చెయ్యి పెట్టబోయేంతగా మనిషి లోపల విరిగిపోతే దానికి పేరు లేదు, సెలవు లేదు! నేను కోపంతో ఇంటికొచ్చేసరికి అక్కడ ఇంకో ఘనకార్యం జరిగిపోయి ఉంది. ఉచ్చీరమ్మకు ఎవరూ చెప్పకుండానే అదే ఉపాయం తట్టింది. ఇంటి ముందుకొచ్చిన ప్రతివాళ్లకూ "పిల్లోనికి కామెర్లు" అని చెప్పేసింది.

ఇక చూడండి. ఊరంతా కామెర్ల వైద్యులే. ఒకామె నేలఉసిరి పసరు తెచ్చింది. ఒకాయన కోడుమూరు అవతల తాయెత్తు కడతారని చెప్పి పోయాడు. చెరుకు రసం ఒకరు తెచ్చారు. అబద్ధం నిలబడాలి కదా, కాబట్టి ఉచ్చీరమ్మ కొడుకుకు ఉప్పూ కారం నూనె అన్నీ మాన్పించింది. మందుల వల్ల నాలుగు రోజులు ఒళ్లెరగకుండా నిద్రపోయి లేచి, ఎన్నో నెలల తర్వాత వాడికి ఆకలేసింది.

"అమ్మా, ఉగ్గాని చెయ్యి. బజ్జీ కూడా."

"కామెర్లోనికి బజ్జీ యాడిదిరా? ఎదురింటామె సూస్తాంది. గంజి తాగు."

ఆకలి తెలిసిన కొడుకు ముందు చప్పిడి గంజి పెట్టింది ఆ తల్లి! నాకు ఆ గిన్నె ఎత్తి వాకిట్లో విసిరేయాలనిపించింది. పాపం, ఆమె భయం ఆమెది. కొడుకును పిచ్చోడంటారని, రేపు పల్లవిని బళ్లో పిచ్చోని కూతురంటారని. భయం నాకు అర్థమైంది. గంజి అర్థం కాలేదు.

అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి. కామెర్లవాడు ఫోను మాట్లాడితే ఏమవుతుంది? ఆఫీసు నుంచి అడుగుతున్నారని ఉచ్చీరమ్మ పీరా సాబ్ దగ్గర నుంచి ఫోను తెప్పించింది. మళ్లీ మొదలు. "ఎట్లుండావు వీరేషూ? పసరు తాగినావా? సరే గానీ, మా ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఏ ఫ్యూజు తీయాలో సెప్పు, ఒక్క నిమిషం." మంచం మీద కూర్చున్నవాడు లేచి చెప్పుల కోసం వెతకడం నేను చూశాను. జ్యోతి నా మొహం చూసింది.

మరుసటి రోజు సోమవారం. పొద్దున్నే పాల కేంద్రం అరుగు దగ్గరికి పోయాను. జయన్న ఉన్నాడు. పీరా సాబ్ జయన్న మోటారు సంగతి చూడ్డానికి వచ్చి టీ తాగుతున్నాడు. మిరపనారు వేసిన అశోక్ అనే కుర్రవాడూ, ఇంకా పాలు పోసే జనమూ ఉన్నారు.

"జయన్నా, నీ ఎద్దుల జత ఈ పూట ఇయ్యి. చేన్లో కలుపుకు గుంటక తోలుకోవాల" అన్నాను.

జయన్న టీ గ్లాసు దించాడు. "సిద్దప్పన్నా, నిద్ర లేచే వచ్చినావా? సోమారమిది."

"తెలుసు. ఒక్క నిమిషం పనే."

"ఒక్క నిమిషమైనా, అర నిమిషమైనా! సోమారం కాడి కడతారా యాడన్నా? బసవన్న వారం. మా తాత కట్టలే, మా నాయన కట్టలే. నోరు లేని జీవి, ఉసురు తగలదా?"

మా వైపు సోమవారం ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. పదును ఆరిపోతున్నా సరే, అదునులో విత్తనం ఇంట్లో మూలుగుతున్నా సరే. హాలహర్వి అవతల కన్నడపు ఊళ్లలోనూ అంతే. ఎవరూ రాసి పెట్టలేదు, ఎవరూ తప్పరు.

"నోరు లేని జీవికి వారమిచ్చినావు. మంచిదే. మరి నోరున్న జీవికి పొద్దున్నుంచి ఎన్నిసార్లు ఫోను కొట్టినావు జయన్నా?"

అతని చేతిలో ఫోను ఉంది. దాని వైపు చూసుకున్నాడు.

"దానికీ దీనికీ ఏం పొత్తన్నా? ఎద్దుకు జీతమిస్తాండామా? వానికి గవర్మెంటు నెలనెలా ఇస్తాంది."

"ఎద్దుకు మేత ఎయ్యవా? మేత తింటాంది గదా, తోలు మరి సోమారం కూడా!"

అరుగు మీద నవ్వులు లేచాయి. అశోక్ ఊరుకోలేదు. "అయినా కామెర్లకు ఫోను మాట్లాడితే ఏమైతాది తాతా? కామెర్లు కండ్లకొస్తాయి గానీ నోటికొస్తాయా?"

ఇంకా పెద్ద నవ్వు. నేను లేచి నిలబడ్డాను.

"కామెర్లు కాదురా. కామెర్లు లేవు, పసరు లేదు. వాని మనసు అలిసిపోయింది. ఆదోనిలో మనసు డాక్టరు కాడికి తీస్కపోయినా. నేనే తీస్కపోయినా. మందులు మింగుతాండాడు. ఇప్పుడు సెప్పుకోండి ఊరంతా!"

అశోక్ మెల్లగా, "అంటే... మెంటలా తాతా?" అన్నాడు.

"ఐదూళ్ల పని ఒకని నెత్తిన పెట్టినోళ్లకు లేని పేరు వానికెందుకురా? మీ ఇంట్లో ఫ్యాను తిరక్కపోతే వానికి ఫోను సేసినావే, అప్పుడు వాడు దేవుడు. ఈ పొద్దు మెంటలా?"

అప్పుడు పీరా సాబ్ గ్లాసు కింద పెట్టాడు. "జయన్నా, ఆ పొద్దు నీ చేన్లో ఏం జరిగిందో నీకు తెలీదు. నువ్వు కూటికి పోయినావు." చెప్పాడు. తప్పు ఎల్సీ సంగతి, పైపులో నీళ్ల సంగతి, జానెడు ఎడం సంగతి. ఎక్కువ తక్కువ లేకుండా చెప్పాడు. "పక్క చేన్లో ఆ పూట ఉల్లికి నీళ్లు కట్టకుంటే, ఈ పొద్దు మీరంతా ఈడ టీ తాగుతా ఉండరు. వాని వాకిట్లో కూర్చోని ఉంటారు."

జయన్న చేతిలో ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. "నాకెవరూ సెప్పలేదే" అన్నాడు.

"నువ్వు అడగలేదే" అన్నాను.

ఇంటికి వచ్చేసరికి ఆ మాట నాకంటే ముందు చేరింది. ఉచ్చీరమ్మ నా మీద లేచింది. "ఊరంతా దండోరా ఏసినావు గదా బావా! నా కొడుకు పరువు తీసినావు!" జ్యోతి వంటింట్లోంచి వచ్చింది. ఆమె మెత్తని మనిషి, అత్తకు ఎప్పుడూ ఎదురు చెప్పింది లేదు. "అత్తా, ఆ మాట ఊళ్లో తెలిసినకాడ్నుంచి ఫోను మోగలేదు. సూసినావా?" అంది. ఆ మాట అని పోయి బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసింది. మిరపకాయ బజ్జీలు వేసింది. వాకిట్లో మంచం వేసి, ఎదురింటామె చూస్తుండగానే వీరేష్ తిన్నాడు. రెండోసారి పెట్టించుకున్నాడు. ఉచ్చీరమ్మ కాసేపు అటు తిరిగి కూర్చుని, తర్వాత తానే నీళ్ల చెంబు తెచ్చి పక్కన పెట్టింది.

మంగళవారం మేము సెక్షను ఆఫీసుకు పోయాం. నేను, జ్యోతి, ఇంకా ఊరివాళ్లు కొందరు. అందరికంటే ముందు బండి ఎక్కి కూర్చున్నది జయన్న. సారు మమ్మల్ని చూసి లేచాడు. డాక్టరమ్మ రాసిన కాగితమే, మార్చకుండా, బల్ల మీద పెట్టాను.

"పెద్దాయనా, పోస్టులు పైవాళ్లు నింపకపోతే నేనేం సెయ్యాల? నాకూ ఒత్తిడే. సూడు, నా ఫోనూ అంతే" అని చూపించాడు. నిజమే, అది మోగుతూనే ఉంది. ఆయన కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి.

"మీ పైవాళ్లను మీరడగండి సారూ. నేను మిమ్మల్నే అడగతా. కావాలంటే మీకూ ఆ డాక్టరమ్మ కాడికి దారి సెప్తా."

జ్యోతి ముందుకొచ్చింది. "సార్, కామెర్లని రాస్తే రెండు వారాలకు ఆయప్పను మళ్లీ అదే స్తంభం ఎక్కిస్తారు. ఈసారి పక్క చేన్లో నీళ్లు పారకపోతే? ఆ పొద్దు ఏ కాగితం రాస్తారు సార్?"

ఆయన ఆ కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాడు. చివరికి ఉన్నది ఉన్నట్టు తీసుకున్నాడు. ఆరు వారాలు ఇచ్చాడు. ఎమ్మిగనూరు నుంచి ఒక మనిషిని మా ఊళ్లకు వేశాడు. బదిలీ అయినవాడి రెండూళ్లలో ఒకదాన్ని వీరేష్ నెత్తి మీద నుంచి తీసేశాడు. రెండోది ఇంకా ఉంది, దాని కోసం ఇంకా తిరుగుతున్నాను, తిరుగుతాను. ఫిర్యాదులు ఆఫీసు నంబరుకే చేయాలని మా ఊళ్లో మేమే చాటింపు వేయించాం. వాడు తిరిగొచ్చాక స్తంభం ఎక్కేటప్పుడు కింద ఇంకో మనిషి ఉండాలన్నాం. ఒప్పుకున్నాడు. వారానికొక రోజు సెలవు అడిగితే, "అది రూల్లో ఉండేదే కదా" అన్నాడు.

"ఉండేదైతే ఇన్నాళ్లు వానికి ఎందుకియ్యలే?" అని జయన్న అరిచాడు. ఆ రోజు సోమవారమే కావాలని మేం పట్టుబట్టాం. ఆ రోజు మా ఊళ్లో ఎద్దులూ కాడి మోయవు, అడిగేవాడికి సిగ్గుంటుంది.

ఆ వారమే వీరేష్‌ను జ్యోతి తన పుట్టింటికి, దేవనకొండకు తీసుకుపోయింది. అక్కడ వాడి నంబరు ఎవరి దగ్గరా లేదు. ఫోను నా దగ్గరే, ఆపేసి, విత్తనాల డబ్బాలో ఉంది. నెల తిరిగాక చూసి వచ్చాను. ఒళ్లు చేశాడు. పొద్దున నడకకు పోతున్నాడు. నిద్ర పడుతోంది, కొన్ని రోజులు పట్టదు, అట్లాంటప్పుడు లేచి కూర్చుని జ్యోతితో మాట్లాడతాడు. పల్లవి చెక్కముక్క చెవి దగ్గర పెట్టుకుని "హలో, మా నాన్న లేడు, నిద్రపోతాండాడు" అంటే వాడు పగలబడి నవ్వాడు. ఊరికి తిరిగొచ్చే ముందు డాక్టరమ్మ మళ్లీ చూసింది. పనికి పోవచ్చు, మందులు మాత్రం ఇప్పుడే మానొద్దు, నెలనెలా రావాలి అంది.

ఆఫీసు నుంచి మొన్న కబురొచ్చింది. సెలవు సెప్టెంబరు పద్నాలుగు ఆదివారంతో అయిపోతుంది, పదిహేనో తేదీ సోమవారం పొద్దున్నే డ్యూటీలో చేరాలని. అప్పుడే మరిచిపోయారు! నేను వెంటనే పోయి, చేతికర్ర బల్ల మీద పెట్టి చెప్పి వచ్చాను: సోమవారం మావాడు ఇంట్లో ఉంటాడు, కూతురిని బడికి దింపుతాడు, ఎద్దులను కడుగుతాడు, తిని పడుకుంటాడు. వాడు పనిలోకి వచ్చేది సెప్టెంబరు పదహారు, మంగళవారం.